పాకం ఆపిన క్షణం

2023 అక్టోబరులో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని మూంగీ బవెండి, లూయిస్ బ్రస్, అలెక్సీ ఎకిమోవ్ ముగ్గురికీ కలిపి ప్రకటించినప్పుడు దాని గురించి వచ్చిన వ్యాసాల్లో చాలావాటికి ఒకే రకం బొమ్మ తోడైంది. వరసగా ఐదారు గాజు సీసాలు, ఒకదానిలో నీలం, పక్కదానిలో ఆకుపచ్చ, తర్వాత పసుపు, నారింజ, ఎరుపు. అన్నిటిలో ఉన్నది ఒకే పదార్థం, తేడా అల్లా రేణువు పరిమాణంలోనే. కంటికి ఇంపైన కథ, నిజమైన కథ కూడా. అయితే ఆ కథ చెప్పే తీరులో ఒక ముఖ్యమైన సంగతి జారిపోతోందని నాకనిపిస్తుంది. ద్రవంలో తేలే ఈ రేణువుల స్వభావాన్ని పట్టుకున్న బ్రస్ అర్ధవాహకాల భౌతికశాస్త్రంలోంచి వచ్చినవాడు కాదు. ఆయన చదువూ, తొలి పదిహేనేళ్ల పరిశోధనా రసాయన చర్యల గతి మీద సాగాయి. అణువు మీద కాంతి పడ్డాక ఆ శక్తి ఎటు పోతుంది, ఎంతసేపట్లో పోతుంది అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న వేయడం అలవాటైన మనిషి చేతిలో ఈ రేణువులు బయటపడటం కాకతాళీయం కాదని, వాటి గురించి ఈ నలభై ఏళ్లలో తెలిసిన విలువైన సంగతుల్లో చాలాభాగం పరిమాణం కన్నా వేగానికి చెందినవని ఈ అధ్యాయంలో నా వాదన. క్వాంటం డాట్ అని కూడా పిలిచే ఈ నానో స్ఫటికం అంటే సగంలో ఆపిన ఒక రసాయన చర్య. దాని వెలుగు, దానిలో ఇంకా సాగుతున్న చర్యల మధ్య జరిగే పోటీకి ఫలితం.

బడిలో నేర్చుకునే రసాయన సమీకరణంలో ఎడమ పక్కన మొదలయ్యేవి, కుడి పక్కన మిగిలేవి ఉంటాయి, మధ్యలో ఒక బాణం గుర్తు ఉంటుంది. చర్యాగతిశాస్త్రం కాపురమంతా ఆ బాణం గుర్తులోనే. రెండు అణువులు ఢీకొన్నప్పుడు ఏ బంధం ముందు సాగుతుంది, ఏది తెగుతుంది, విడుదలైన శక్తిలో ఎంత కంపనంగా మారుతుంది, ఎంత అణువు గిరగిరా తిరగడానికి ఖర్చవుతుంది, ఎంత వెలుగుగా బయటికి వస్తుంది అన్నవి దాని లెక్కలు. 1967లో ఐగెన్, నోరిష్, పోర్టర్‌లకు, 1986లో హెర్ష్‌బాక్, లీ, పొలానీలకు, 1999లో అహ్మద్ జివైల్‌కు వచ్చిన నోబెల్ బహుమతులు ఈ బాణం గుర్తును అంతకంతకూ సన్నని కాలపు ముక్కలుగా కోసి చూసినందుకే. 1943లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టిన బ్రస్ ఈ బడికి చెందినవాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బెర్సన్ దగ్గర 1969లో ముగించిన డాక్టరేట్ పనిలో ఆయన సోడియం అయొడైడ్ ఆవిరిని కాంతితో విడగొట్టాడు. విడివడిన సోడియం పరమాణువు ఉద్రిక్త స్థితిలో ఉండి పసుపు వెలుగు చిమ్ముతుంది. ఈలోగా అయొడిన్ వచ్చి తగిలితే ఆ వెలుగు ఆరిపోతుంది. వెలుగుకూ ఆరిపోవడానికీ మధ్య పందెం ఎలా సాగుతుందో కొలవడమే ఆ పని. ఇరవై ఏళ్ల తర్వాత జివైల్ ఫెమ్టోసెకను లేజర్‌తో బంధం తెగడాన్ని చూపించిన పేరున్న ప్రయోగాల్లో ఒకటి ఇదే సోడియం అయొడైడ్ మీద జరిగింది. ఈ పందెం ఆకారాన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే క్వాంటం డాట్లలో మనకు మళ్లీ మళ్లీ ఎదురయ్యేది అదే.

1973లో బ్రస్ న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలకు చేరాడు. అక్కడ మొదటి ఏళ్లలో వ్లాదిమీర్ బోండిబేతో కలిసి, గడ్డకట్టిన జడవాయువుల్లో చిన్న చిన్న అణువులను బంధించి, వాటి కంపనశక్తి చుట్టూ ఉన్న ఘనపదార్థంలోకి ఎలా కారిపోతుందో గమనించాడు. ఒంటరి అణువు నుంచి అణువు చుట్టూ ఉన్న పరిసరానికి ఆయన దృష్టి మళ్లింది. అదే కాలంలో బయట మరో గాలి వీస్తోంది. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా ఇద్దరూ టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద కాంతి వేసి నీటిని విడగొట్టామని ప్రకటించారు. మరుసటి ఏడే చమురు సంక్షోభం ముంచుకొచ్చింది. అర్ధవాహకం ఉపరితలం మీద సూర్యకాంతితో ఇంధనం తయారుచేయవచ్చన్న ఆశ ఎన్నో ప్రయోగశాలలను కదిలించింది. ఉపరితలం మీద ఎలక్ట్రాన్ అణువులోకి దూకే ఆ క్షణాన్ని చూడాలని ఒక గతిశాస్త్రవేత్తకు కోరిక కలగడం సహజం. చిక్కల్లా కొలవడంలో ఉంది. చేతిలో పట్టేంత ఘనపు ముక్క తీసుకుంటే ఉపరితలం మీద ఉండే అణువులు బహు తక్కువ, వాటి నుంచి వచ్చే సంకేతం కొలతకు అందదు. అదే పదార్థాన్ని కంటికి కనబడనంత సన్నని రేణువులుగా నీటిలో తేలనిస్తే ద్రావణం పారదర్శకంగా ఉంటుంది, లోపలున్న మొత్తం ఉపరితలం లెక్కకు మించి పెరుగుతుంది. దాన్ని మామూలు ద్రావణంలాగే లేజర్ ముందు పెట్టవచ్చు. ఒక లేజర్ మెరుపుతో చర్య మొదలుపెట్టి, నానోసెకన్ల తర్వాత రెండో మెరుపుతో రామన్ వర్ణపటం తీస్తే, ఉపరితలం మీద అప్పుడే పుట్టిన, కాసేపట్లో మాయమయ్యే మధ్యస్థాల వేలిముద్రలు దొరుకుతాయి. 1982లో ఇలా నీటిలో తేలే టైటానియం డయాక్సైడ్ రేణువులతో, అంటే కొల్లాయిడ్లతో, బ్రస్ బృందం ఈ పని చేసి చూపింది. ఆ పదార్థం అతినీలలోహిత కాంతిని మాత్రమే పీల్చుకుంటుంది. కంటికి కనిపించే కాంతిని పీల్చుకునే కాడ్మియం సల్ఫైడ్ అదే తరహా పనికి మరో పదార్థం. చిత్రకారులు వాడే కాడ్మియం పసుపు రంగు అదే.

ఇక్కడే ఆ ప్రసిద్ధ సంఘటన. తాజాగా కలిపిన కాడ్మియం సల్ఫైడ్ కొల్లాయిడ్‌కూ, బల్ల మీద కొంతకాలం నిలవున్న కొల్లాయిడ్‌కూ కాంతిని పీల్చుకునే తీరులో తేడా కనిపించింది. తాజా ద్రావణం పీల్చుకునే అంచు నీలం వైపు జరిగి ఉంది. నిలవున్నది మామూలు స్ఫటికంలా ప్రవర్తించింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూస్తే తాజా రేణువుల వ్యాసం సగటున 4.5 నానోమీటర్లు, ముదిరినవాటిది 12.5 నానోమీటర్లు. నీటిలో కరగనట్టు కనిపించే పదార్థం కూడా అణుమాత్రంగా కరుగుతూనే ఉంటుంది, చిన్న రేణువులు పెద్దవాటి కన్నా తొందరగా కరుగుతాయి, అలా కరిగింది పోయి పెద్దవాటి మీద పేరుకుంటుంది. చిన్నవి కరిగి పెద్దవి లావెక్కే ఈ ముదరడాన్ని రసాయనవేత్తలు ఓస్ట్‌వాల్డ్ పేరుతో పిలుస్తారు. లెక్కవేస్తే తాజా రేణువులో సుమారు 2000 పరమాణువులు ఉంటాయి, వాటిలో నాలుగో వంతుకు పైగా ఉపరితలం మీదే ఉంటాయి. ముదిరినదానిలో అంతకు ఇరవై రెట్లు పైగా. ఇదంతా అదృష్టం అని చెప్పేవాళ్లున్నారు. సీసా బల్ల మీద మిగిలిపోవడం అదృష్టమే కావచ్చు. కానీ కొల్లాయిడ్లు నిలవుంటే మారతాయన్నది అప్పటికే కొత్త సంగతి కాదు. నిలవున్న ద్రావణాన్ని చెడిపోయిందని పారబోయడం చాలామందికి వాడుక. వర్ణపటంలో ప్రతి చిన్న జరుగుడుకూ ఒక శక్తిస్థాయి కారణం చెప్పాలని పట్టుబట్టడం అణువుల వర్ణపటాలతో బతికిన మనిషి అలవాటు. కాలం గడిస్తే ఏమవుతుంది అన్నది పక్కన పెట్టాల్సిన చికాకు కాదు, అదే అసలు ప్రశ్న అనుకోవడం గతిశాస్త్రవేత్త అలవాటు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

తేడాకు కారణం చెప్పడానికి వీణను తలచుకుంటే చాలు. తీగ మీద వేలు కిందకి జరిపి మోగే భాగాన్ని పొట్టి చేసేకొద్దీ స్వరం పైకి పోతుంది. అర్ధవాహకంలో కాంతి పడితే ఒక ఎలక్ట్రాన్ పైస్థాయికి లేస్తుంది, అది లేచిన చోట ధనావేశంలా ప్రవర్తించే ఒక ఖాళీ మిగులుతుంది. పెద్ద స్ఫటికంలో ఈ జంట ఒకదాని చుట్టూ ఒకటి కొంత దూరం తీసుకుని తిరుగుతుంది. కాడ్మియం సల్ఫైడ్‌లో ఆ దూరం 3 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రేణువే అంత చిన్నదైతే ఎలక్ట్రాన్ అల మెట్టు మీద నొక్కిన తీగలా ఇరుక్కుంటుంది, దాని శక్తి పెరుగుతుంది. బ్రస్ రాసిన సూత్రంలో రెండు ముఖ్యమైన పదాలున్నాయి. ఇరుకు వల్ల శక్తి వ్యాసార్ధపు వర్గానికి విలోమంగా పెరుగుతుంది. జంట మధ్య ఆకర్షణ వల్ల అది వ్యాసార్ధానికి విలోమంగా కొంత తగ్గుతుంది. చిన్న రేణువుల్లో మొదటిదే గెలుస్తుంది కాబట్టి రంగు నీలం వైపు జరుగుతుంది. ఈ సూత్రాన్ని 1984 నాటి ఫలితంగా అందరూ ఉదహరిస్తారు. అంతకు ముందు ఏడాది ఆయన ప్రచురించిన పత్రాలు నా వాదనకు ఇంకా దగ్గర. రేణువు చిన్నదైతే దాని ఎలక్ట్రాన్‌ను పక్క అణువుకు ఇచ్చే శక్తి, పక్క అణువు నుంచి లాక్కునే శక్తి ఎంత మారతాయో అంచనా వేసే నమూనాను ఆయన 1983లోనే ఇచ్చాడు. రోసెట్టి, నకహరాలతో కలిసి ఆ ఏడు రాసిన ప్రయోగ పత్రం శీర్షికలో కూడా ఆక్సీకరణ, క్షయకరణ పొటెన్షియళ్లు ముందు వస్తాయి, రామన్ వర్ణపటాలు తర్వాత, కాంతి పీల్చుకునే వర్ణపటం చివర. ఆ పత్రాలు అచ్చయింది కూడా రసాయన భౌతికశాస్త్ర పత్రికలో. రేణువు ఏ రంగులో ఉంటుంది అన్నదాని కన్నా అది ఏ చర్య చేయగలదు అన్నదే ఆయనకు ముందుగా తోచిన ప్రశ్న.

నా వాదనకు బలమైన అభ్యంతరం లెనిన్‌గ్రాడ్ నుంచి వస్తుంది. అక్కడి వావిలోవ్ ప్రభుత్వ ఆప్టికల్ సంస్థలో ఎకిమోవ్ రంగు గాజుల మీద పనిచేస్తూ, గాజులో పుట్టిన కాపర్ క్లోరైడ్ రేణువులు చిన్నవయ్యేకొద్దీ కాంతి పీల్చుకునే తీరు నీలం వైపు జరుగుతుందని 1981లోనే ప్రచురించాడు. దానికి తగిన సిద్ధాంతాన్ని అలెగ్జాండర్ ఎఫ్రోస్ సిద్ధం చేశాడు. బ్రస్ తన పని చేసేనాటికి ఆ ఫలితం ఆయనకు తెలియదు. ఎకిమోవ్‌కు చర్యాగతిశాస్త్రంతో పని పడలేదు, అర్ధవాహకాల కాంతి ధర్మాలు తెలియడం సరిపోయింది. ఇక బెల్ ప్రయోగశాలల్లోనే 1974లో డింగిల్ బృందం అతి పలచని పొరల్లో ఇరుక్కున్న ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిలను కొలిచి చూపింది. అంతకు చాలా ముందే, 1937లో, హెర్బర్ట్ ఫ్రోలిక్ చిన్న రేణువుల్లో ఇలాంటి ప్రభావాలు రావాలని సిద్ధాంతరీత్యా ఊహించాడు. కాబట్టి పరిమాణ ప్రభావం కనుక్కోవడానికి గతిశాస్త్రం అవసరమే లేదు కదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. పరిమాణ ప్రభావం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే మొదటి ఘనత ఎకిమోవ్‌దే, అందులో వాదానికి తావు లేదు.

అయితే ఎకిమోవ్ పనిని దగ్గరగా చూస్తే అందులోనూ గడియారం ఉంది. ఆయన గాజును 500 నుంచి 700 డిగ్రీల మధ్య వేడిచేశాడు, ఒక గంట నుంచి 96 గంటల దాకా. వచ్చిన రేణువులు 2 నుంచి 30 నానోమీటర్ల వరకు ఉన్నాయి. ఎంతసేపు ఉడికించాడన్నదే ఏ పరిమాణం వచ్చిందన్నదాన్ని నిర్ణయించింది. ముదిరే రేణువు వ్యాసార్ధం కాలపు ఘనమూలాన్ని అనుసరించి పెరుగుతుందన్న సోవియట్ సిద్ధాంతకారులు లిఫ్షిట్స్, స్ల్యోజోవ్‌ల సూత్రమే అక్కడ కొలమానం. పరిమాణం అనేది కాలానికి మరో పేరన్నమాట. తేడా ఎక్కడుందంటే, గాజు చల్లారాక రేణువు అందులో శాశ్వతంగా బందీ. దాని ఉపరితలాన్ని మార్చలేం, దాని పక్కకు మరో అణువును తేలేం, రేణువును బయటికి తీయలేం. పలచని పొరలదీ అదే పరిస్థితి. ద్రవంలో తేలే రేణువు అలా కాదు, దాని ఉపరితలం మీద చర్యలు ఆగవు. దాన్ని స్ఫటికంగా చూడవచ్చు, మహాణువుగానూ చూడవచ్చు. బెర్లిన్‌లో ఆర్నిం హెంగ్లైన్ బృందం కూడా అదే కాలంలో కాడ్మియం సల్ఫైడ్ కొల్లాయిడ్లలో పరిమాణ ప్రభావాన్ని గమనించింది. హెంగ్లైన్ కూడా కాంతీ, వికిరణమూ కలిగించే రసాయన చర్యల మీద జీవితం గడిపినవాడే. ద్రావణంలోని నానో స్ఫటికం రెండు చోట్లా చర్యల మనుషులకే దొరికింది.

తర్వాత జరిగిన కథ వేగం వైపే నడిచింది. 1980ల చివరిదాకా రేణువుల పరిమాణాలు ఒకేలా ఉండేవి కావు, స్ఫటికాల నాణ్యత బాగుండేది కాదు. బ్రస్ దగ్గర పోస్ట్‌డాక్‌గా పనిచేసి 1990లో ఎంఐటీకి వెళ్లిన బవెండి, తన విద్యార్థులు మరే, నోరిస్‌లతో కలిసి 1993లో ఈ లోపాలను దాటే దారి చూపించాడు. ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికి మన వంటింటి పాకం కన్నా మంచి ఉదాహరణ లేదు. అదే బెల్లం, అవే నీళ్లు. తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకం అన్నవి వేర్వేరు పదార్థాలు కావు, ఒకే ప్రయాణంలో ఆగిన చోట్లు. అరిసెలకు ఎక్కడ ఆపాలో తెలిసిన చేయి పళ్లెంలో నీళ్లలో బొట్టు వేసి చూస్తుంది, క్షణం దాటితే పని చెడుతుంది. బవెండి బృందం ట్రైఆక్టైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్ అనే ద్రావణిని 300 డిగ్రీల దాకా కాచి, అందులోకి కాడ్మియం, సెలీనియం సమ్మేళనాలను ఒక్కసారిగా సిరంజితో చిమ్మింది. ఆ క్షణంలో ద్రావణం పట్టలేనంతగా నిండి కోటానుకోట్ల బీజాలు ఒకేసారి పుడతాయి. చల్లటి ద్రవం పడటంతో వేడి 180 డిగ్రీల దాకా పడిపోతుంది, కొత్త బీజాలు పుట్టడం ఆగిపోతుంది. ఆ తర్వాత మెల్లగా వేడి పెంచితే ఉన్న బీజాలే కలిసికట్టుగా పెరుగుతాయి. కావలసిన చోట ద్రావణం తీసి చల్లార్చడమే మిగిలిన పని. 1.2 నుంచి 11.5 నానోమీటర్ల దాకా ఏ పరిమాణం కావాలంటే అది, తేడా 5 శాతానికి లోపు. ఇక్కడ గెలుపంతా రెండు వేగాలను విడదీయడంలో ఉంది. బీజాలు పుట్టే వేగం, అవి పెరిగే వేగం ఒకదానిమీద ఒకటి పడితే ముందు పుట్టినవి పెద్దవవుతాయి, వెనక పుట్టినవి చిన్నగా మిగులుతాయి. ద్రావణి అణువులు స్ఫటికం ఉపరితలానికి అంటుకుని పెరుగుదలను మందగింపజేయడం కూడా ఈ లెక్కలో భాగమే. సీసాల బొమ్మలో మనం మెచ్చుకునే రంగులన్నీ ఇలా ఆపిన చోట్లు.

రంగు వచ్చింది సరే, వెలుగు సంగతేమిటి? పరిమాణమే అంతా నిర్ణయిస్తే ఒకే పరిమాణమున్న రేణువులన్నీ ఒకేలా వెలగాలి. వెలగవు. కాడ్మియం సెలెనైడ్ రేణువులో ఎలక్ట్రాన్, ఖాళీ కలిసి వెలుగుగా మారడానికి సుమారు 20 నానోసెకన్లు పడుతుంది. ఉపరితలం మీద బంధం తెగి మిగిలిన పరమాణువు ఒక్కటున్నా ఎలక్ట్రాన్‌నో ఖాళీనో అది పికోసెకన్లలోనే లాక్కుంటుంది. 20 నానోసెకన్లంటే 20,000 పికోసెకన్లు. అంత తేడా ఉన్న పందెంలో వెలుగు గెలిచే అవకాశం తక్కువ. తొలినాటి రేణువులు మసకగా ఉండటానికి కారణం ఇదే. 1996లో షికాగోలో హైన్స్, గయో సియోన్నెస్ట్ ఇద్దరూ కాడ్మియం సెలెనైడ్ గుండె చుట్టూ జింక్ సల్ఫైడ్ చిప్ప కట్టారు. గుండె పరిమాణం అదే, రంగు దాదాపు అదే. పీల్చుకున్న కాంతిలో తిరిగి వెలుగుగా వచ్చే వంతు మాత్రం 50 శాతానికి చేరింది. మంచి నమూనాల్లో ఇప్పుడది 100 శాతానికి కొద్ది దూరంలో ఉంది. అయొడిన్ తగిలి సోడియం పసుపు వెలుగు ఆరిపోయిన ఆ పాత పందెమే ఇక్కడ నడుస్తోంది. చిప్ప కట్టడం అంటే ఆర్పేవాణ్ణి దగ్గరికి రానివ్వకపోవడం.

పరిమాణవాదానికి ఇంకా గట్టి సమాధానం 1996లోనే వచ్చింది. బవెండి బృందమూ బెల్ ప్రయోగశాలల్లో బ్రస్ బృందమూ కలిసి ఒక్కొక్క రేణువును విడిగా సూక్ష్మదర్శిని కింద చూశారు. ఎడతెగని కాంతి మీద పడుతున్నా రేణువు మిణుగురులా వెలుగుతూ ఆరుతూ కనిపించింది, ఒక్కోసారి సెకన్ల తరబడి చీకటి. కోటి రేణువులను కలిపి చూసినప్పుడు సగటులో ఇదంతా మాయమవుతుంది. ఆరిన రేణువు చిన్నదీ కాలేదు, పెద్దదీ కాలేదు. విస్తృతంగా అంగీకరించిన వివరణ ప్రకారం, ఎప్పుడో ఒకసారి ఎలక్ట్రాన్ రేణువు బయటికి గాని, ఉపరితలపు ఉచ్చులోకి గాని పోతుంది. లోపల ఒక అదనపు ఆవేశం మిగిలిపోతుంది. ఆ స్థితిలో కొత్తగా పుట్టిన జంట తన శక్తిని వెలుగుగా ఇవ్వకుండా ఆ మూడో ఆవేశానికి అప్పగించేస్తుంది, అది వేడిగా కరిగిపోతుంది. ఈ అప్పగింతకు పట్టేది వందల పికోసెకన్లో అంతకన్నా తక్కువో. వెలుగుకు కావలసిన 20 నానోసెకన్లు దానికి దక్కవు. ఎలక్ట్రాన్ వెనక్కి వచ్చాక మళ్లీ దీపం వెలుగుతుంది. ఎలక్ట్రాన్ ఒక చోటి నుంచి మరో చోటికి మారడం రసాయనంలో అతి మౌలికమైన చర్య, బ్రస్ 1983లో కొలవాలనుకున్నదీ అదే. ఒకే రేణువు, ఒకే పరిమాణం, రెండు ప్రవర్తనలు. తేడా అంతా ఒక ఎలక్ట్రాన్ దూకిందా లేదా అన్నదానిలో ఉంది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. బ్రస్ సూత్రంలో కాలం అనే చరరాశి లేదు. రేణువు ఏ రంగు కాంతిని పీల్చుకుంటుంది అన్నదానికి స్థిరమైన శక్తిస్థాయిలే జవాబు, నా వాదన దాన్ని తొలగించలేదు. అయినా శక్తిస్థాయిల చిత్రాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎంత తప్పుదారి పట్టవచ్చో చూపే ఉదాహరణ ఒకటుంది. రేణువులో ఎలక్ట్రాన్ స్థాయిల మధ్య అంతరం వందల మిల్లీఎలక్ట్రాన్‌వోల్టులు ఉంటుంది. కాడ్మియం సెలెనైడ్ స్ఫటికపు కంపనపు గుళిక 26 మిల్లీఎలక్ట్రాన్‌వోల్టులు మాత్రమే. అంత ఎత్తు నుంచి దిగాలంటే ఒకేసారి పది గుళికలకు పైగా వదలాలి, అది అరుదు, కాబట్టి వేడెక్కిన ఎలక్ట్రాన్ పైస్థాయిలో చాలాసేపు నిలవాలి అని సిద్ధాంతకారులు అంచనా వేశారు. ఆ అంచనా నిజమైతే సౌరఘటాల్లో వేడిగా వృథా అయ్యే శక్తిని పట్టుకోవచ్చు. సాధారణ సౌరఘటం సామర్థ్యపు పరిమితి 33 శాతం దగ్గర ఆగిపోవడానికి ఆ వృథా ఒక పెద్ద కారణం. ఫెమ్టోసెకను లేజర్లతో కొలిస్తే ఎలక్ట్రాన్ పికోసెకను తిరక్కుండానే కిందికి దిగిపోయింది. మెట్లు దిగాల్సిన ఎలక్ట్రాన్ తన బరువును పక్కనే ఉన్న ఖాళీకి అప్పగించి దూకేస్తోంది. ఖాళీకి స్థాయిలు దగ్గర దగ్గరగా ఉంటాయి గనుక అది సులువుగా దిగుతుంది. శక్తిస్థాయిల పట్టికలో ఈ దారి కనిపించదు, గడియారమే చూపించింది. 2008లో పాండే, గయో సియోన్నెస్ట్ పొరలు పొరలుగా కట్టిన రేణువుల్లో ఖాళీని ఎలక్ట్రాన్‌కు దూరంగా ఉంచి, ఈ దిగడాన్ని నానోసెకను దాకా ఆలస్యం చేయగలిగారు. వేగాన్ని అర్థం చేసుకున్నాకనే దాన్ని మార్చే నిర్మాణం ఎలా ఉండాలో తెలిసింది. సీసం హాలైడ్ పెరోవ్‌స్కైట్ నానో స్ఫటికాల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయ రసాయన విభాగంలో సాగిన పరిశోధన కూడా ఈ కోవలోదే, ఆవేశాలు ఎంతసేపు నిలుస్తాయి, ఎక్కడికి చేరతాయి అన్న లెక్క.

ఇప్పుడు టీవీ తెరల్లో వాడే డాట్ల నుంచి కాడ్మియాన్ని తొలగించాలని పరిశ్రమ చూస్తోంది. అది విషలోహం, ఐరోపా చట్టాలు దాని వాడకాన్ని గట్టిగా నియంత్రిస్తున్నాయి. దాని స్థానంలో ఇండియం ఫాస్ఫైడ్ వచ్చింది. శక్తిస్థాయిల లెక్కలో అది అన్ని విధాలా తగినదే. కానీ కాడ్మియం సెలెనైడ్‌కు పనిచేసిన వంట దీనికి మొరాయించింది. వాడుకలో ఉన్న ఫాస్ఫరస్ సమ్మేళనం ఎంత చురుకైనదంటే, ద్రావణంలో పడీ పడగానే మొత్తం ఖర్చయిపోతుంది, బీజాలు పెరగడానికి ఇక పదార్థం మిగలదు. ఆ తర్వాత చిన్నవి కరిగి పెద్దవి లావెక్కడమే దారి, అది పరిమాణాలను చెదరగొడుతుంది. అయితే కాస్త మందకొడి సమ్మేళనం వాడితే సరిపోతుందని చాలామంది అనుకున్నారు. అదీ అనుకున్నంత సూటిగా పనిచేయలేదు. ఎందుకంటే బాణం గుర్తు మధ్యలో మరో మజిలీ ఉంది. కొన్ని పదుల పరమాణువుల గుచ్ఛాలు ఏర్పడి, ముందుకూ పోక వెనక్కూ పోక అక్కడే నిలుస్తున్నాయి. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బ్రాండీ కోసెర్ట్ బృందం అలాంటి గుచ్ఛాన్ని స్ఫటికంగా వేరుచేసి, ఎక్స్‌రేలతో దాని నిర్మాణాన్ని పరమాణువు పరమాణువుగా గుర్తించింది. మధ్యలో 37 ఇండియం, 20 ఫాస్ఫరస్ పరమాణువులు, చుట్టూ వాటిని కాచే కార్బాక్సిలేట్ అణువులు. నానో స్ఫటికంగా మారే దారిలో తనంతట తానే ఆగిపోయిన చర్య అది. చర్యాగతిశాస్త్రవేత్తలు వాయువుల్లో ఒక పికోసెకను పాటైనా చూడాలని తపించే మధ్యస్థం ఇక్కడ సీసాలో నిలవుంది. వేడిచేస్తే ఆ గుచ్ఛం నేరుగా పెరగకుండా విడిపోయి, తనలోని పరమాణువులనే ఇటుకలుగా ఇచ్చి డాట్లను పెంచుతుందా, లేక ఉన్నచోటే ముదురుతుందా అన్నది వేడినీ, చుట్టూ ఉన్న అణువులనూ బట్టి మారుతోంది.